మైనర్, మినీ: ఒకే చేతి రెండు కార్లు

బ్రిటన్‌లో తయారైన చిన్న కార్లలో మోరిస్ మైనర్‌ను, మినీని పక్కపక్కన నిలబెట్టి పోల్చడం కొత్త సంగతేమీ కాదు గాని, ఆ పోలికలో తరచు మరుగున పడిపోయే విషయం ఒకటుంది. 1948లో ఒకటి, 1959లో ఇంకొకటి జనం ముందుకు వచ్చిన ఈ రెండు కార్లకూ రూపకర్త ఒక్కరే, ఆయన పేరు అలెక్ ఇసిగోనిస్. సామాన్య కుటుంబంలోని నలుగురిని తక్కువ ఖర్చుతో, తక్కువ పెట్రోలుతో, ఇబ్బంది లేకుండా ఎలా తీసుకుపోవాలన్న ఒకే ప్రశ్నకు ఆయన పదకొండేళ్ల ఎడంతో ఇచ్చిన రెండు జవాబులివి. ఒకటి పాత పద్ధతిని గౌరవిస్తూనే దానిలోని లోపాలను సరిదిద్దిన జవాబు కాగా, రెండోది ఆ పద్ధతినే పక్కకు తోసి మొదటినుంచి మళ్లీ లెక్క వేసిన జవాబు.

ఇసిగోనిస్ పుట్టింది 1906లో, అప్పటి ఒట్టోమన్ సామ్రాజ్యంలోని స్మిర్నా రేవు పట్టణంలో, అంటే నేటి తుర్కియేలోని ఇజ్మీర్‌లో. తండ్రి బ్రిటిష్ పౌరసత్వం ఉన్న గ్రీకు సంతతివాడు, తల్లి జర్మన్ కుటుంబానికి చెందినది. 1922లో యుద్ధం ఆ పట్టణాన్ని కమ్ముకున్నప్పుడు ఆ కుటుంబం ఓడెక్కి మాల్టా చేరింది, అక్కడే తండ్రి మరణించాక తల్లీ కొడుకులు లండన్ వచ్చి స్థిరపడ్డారు. బాటర్‌సీ పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్ చదివిన ఆ యువకుడు గణితంలో మూడుసార్లు తప్పాడు. లెక్కలంటే గిట్టకపోయినా, మనసులోని యంత్రాన్ని కాగితం మీద పెన్సిలుతో నాలుగు గీతల్లో చూపించగల నేర్పు మాత్రం ఆయనకు పుట్టుకతో వచ్చింది. 1936లో ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న కౌలీలోని మోరిస్ మోటార్స్‌లో చేరిన నాటినుంచి ఆయన పనితీరు అదే: తాను బొమ్మ వేసేవాడు, దాన్ని కొలతలతో కూడిన నమూనాగా మార్చే పని జాక్ డేనియల్స్ వంటి సహచర ఇంజినీర్లు చేసేవారు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతుండగానే, సంస్థ ఉపాధ్యక్షుడు మైల్స్ థామస్ అండతో, 'మస్కీటో' అనే రహస్య నామంతో మైనర్ రూపకల్పన మొదలైంది. నాటి బ్రిటిష్ చిన్న కార్లు చాలావరకు సన్నగా, ఎత్తుగా, పెద్ద చక్రాలతో గుర్రపు బండి పోలికను పూర్తిగా వదలని స్థితిలో ఉండేవి. ఇసిగోనిస్ చక్రాలను 14 అంగుళాలకు తగ్గించి, ఇంజిన్‌ను ముందుకు జరిపి, మనుషులు కూర్చునే చోటును రెండు ఇరుసుల మధ్యకు తెచ్చాడు. విడిగా ఛాసిస్ చట్రం పెట్టి దాని మీద బాడీ బిగించే పాత పద్ధతి బదులు, బాడీయే చట్రంగా పనిచేసే ఏకఖండ నిర్మాణాన్ని ఎంచుకున్నాడు. ముందు సస్పెన్షన్‌కు చుట్టల స్ప్రింగులు కాక టార్షన్ బార్లను అమర్చాడు. టార్షన్ బార్ అంటే ఒక కొన కదలకుండా బిగించిన పొడవాటి ఉక్కు కడ్డీ. చక్రం గుంతలో పడి లేచినప్పుడు ఆ కడ్డీ బట్ట పిండినట్టు మెలిపడి మళ్లీ యథాస్థితికి వస్తూ కుదుపును మింగుతుంది. స్టీరింగ్‌కు పళ్లచక్రం, పళ్లబద్ద నేరుగా కలిసే రాక్ అండ్ పినియన్ అమరిక వాడినందువల్ల చేతిలో చక్రం ఎంత తిరిగితే కారు అంతే తిరిగేది, మధ్యలో ఖాళీ ఆట ఉండేది కాదు. ఇవన్నీ ఖరీదైన కార్లలో అక్కడక్కడా కనిపించినవే, అయితే సామాన్యుడు కొనగల చిన్న కారులో కలిసి కనిపించడం అప్పటి బ్రిటన్‌లో అరుదు.

ఆ కారు విడుదలకు దగ్గరపడ్డాక జరిగిన ఒక మార్పు ఇసిగోనిస్ స్వభావాన్ని బాగా పట్టి ఇస్తుంది. దాదాపు సిద్ధమైన నమూనా ఆయన కంటికి మరీ ఇరుకుగా తోచడంతో, దాన్ని నిలువునా రెండుగా కోయించి, ఆ రెండు ముక్కలను మెల్లగా ఎడంగా జరిపించి, చూపుకు కుదిరిందనిపించిన చోట ఆపించాడు. ఆ ఎడం సరిగ్గా 4 అంగుళాలు వచ్చింది. మైనర్ బానెట్ మీద ముందునుంచి వెనక్కి నడిచే చదునైన పట్టీ ఆ అతుకుకు మిగిలిన గుర్తే. అప్పటికే తయారై ఉన్న బంపర్లను పారేయడం ఇష్టం లేక వాటినీ మధ్యకు కోసి, నడుమ ఒక ముక్క బిగించి తొలి కార్లకు అమర్చారు. కొలబద్ద కన్న కంటినే ఎక్కువ నమ్మిన ఈ పద్ధతి మైనర్ విషయంలో కలిసొచ్చింది, ఎందుకంటే పెరిగిన ఆ వెడల్పు వల్ల కారు రోడ్డు మీద నిలకడగా నడిచింది, లోపల భుజాలకు చోటూ దొరికింది.

అన్నీ ఆయన కోరినట్టు సాగలేదు. సిలిండర్లు రెండు వైపులా అడ్డంగా పడుకుని ఉండే కొత్త ఇంజిన్ పెట్టాలన్నది మొదటి ఆలోచన కాగా, చివరికి పాత మోరిస్ ఎయిట్ కారులోని 918 సీసీ ఇంజిన్‌తోనే సరిపెట్టవలసి వచ్చింది. ఇది వాల్వులు సిలిండర్ తలపైన కాక పక్కన ఉండే సైడ్ వాల్వ్ రకం, దాని శక్తి 30 అశ్వశక్తికి కూడా చేరలేదు. సంస్థ అధిపతి లార్డ్ నఫీల్డ్‌కైతే కారు రూపమే నచ్చలేదు, అది నీళ్లలో ఉడికించిన పెంకులేని గుడ్డులా ఉందని ఆయన ఈసడించాడు. 1948 అక్టోబరులో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో ఆ గుడ్డే జనాన్ని ఆకట్టుకుంది. మొదట గ్రిల్ పక్కన కిందికి అమర్చిన హెడ్‌లైట్లు అమెరికా నిబంధనలకు తక్కువ ఎత్తులో ఉన్నాయని తేలడంతో వాటిని మడ్‌గార్డుల మీదికి ఎత్తారు, తరువాత అదే అన్ని మైనర్లకూ ముఖమైంది.

1952లో మోరిస్ వర్గమూ ఆస్టిన్ సంస్థా కలిసి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్‌గా ఏర్పడ్డాక మైనర్‌కు ఆస్టిన్ వారి ఎ-సిరీస్ ఇంజిన్ దక్కింది. మొదట 803 సీసీ, 1956లో 948 సీసీ, 1962లో 1098 సీసీగా ఆ ఇంజిన్ పెరుగుతూ పోయింది. 1956లోనే రెండు ముక్కల ముందు అద్దం పోయి ఒకే వంపు అద్దం వచ్చింది. 1961 దాకా మలుపు తిరిగేటప్పుడు దీపం మిణుకుమనడం కాక, తలుపు పక్క స్తంభంలోంచి చిన్న చేయి ఒకటి బయటికి లేచి దారి చూపేది. ఈ కారు ఎవరి చేతుల్లో ఎక్కువగా తిరిగిందో చూస్తే దాని స్వభావం తెలుస్తుంది: పల్లెల్లో ఇంటింటికీ వెళ్లే నర్సులు, పోలీసులు, పోస్టాఫీసు వారు. వెనక భాగంలో యాష్ కర్ర చట్రం ఉన్న 'ట్రావెలర్' రకంలో ఆ కర్ర అలంకారం కాదు, బాడీ బరువును మోసే నిర్మాణమే. అందువల్ల చెదలు పట్టిన దూలాన్ని మార్చినట్టు పుచ్చిన కర్రను మార్చకపోతే ఆ కారు రోడ్డెక్కడానికి పనికిరాదు. 1960 డిసెంబరులో మైనర్ 10 లక్షల సంఖ్యను చేరింది, ఆ గీతను దాటిన తొలి బ్రిటిష్ కారు అదే. ఆ సందర్భానికి గుర్తుగా లేత ఊదా రంగులో ప్రత్యేకంగా 350 కార్లు తయారుచేశారు.

తెలుగు పాఠకులకు ఈ కారు వంశం పరాయిది కాదు. బిర్లాల హిందూస్థాన్ మోటార్స్ తొలి మైనర్‌ను 'బేబీ హిందూస్థాన్' పేరుతో మన దేశంలో అమ్మింది. మైనర్‌తోపాటు 1948లో వచ్చిన పెద్ద కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్, మైనర్ రూపాన్నే పెద్దది చేసి గీసినట్టుండేది. ఆ ఆక్స్‌ఫర్డ్ తరువాతి తరాల్లో రెండోది మనకు లాండ్‌మాస్టర్‌గానూ, మూడోది అంబాసిడర్‌గానూ వచ్చాయి. విజయవాడ, హైదరాబాదు స్టేషన్ల ముందు దశాబ్దాలపాటు టాక్సీగా నిలబడ్డ అంబాసిడర్ గుండ్రటి భుజాల్లో, ఉబ్బెత్తు బానెట్‌లో కనిపించేది మైనర్ కుటుంబపు ముఖకవళికలే.

మైనర్ నుంచి మినీకి నడిచిన దారిలో ఒక మజిలీ ఉంది, దాన్ని గమనించకుండా ఈ రెండింటినీ పోలిస్తే పోలిక సగంలోనే ఆగిపోతుంది. సంస్థల కలయిక నచ్చక 1952లో ఆల్విస్ అనే మరో సంస్థకు వెళ్లిపోవడానికి ముందు, ఇసిగోనిస్ ఒక మైనర్ మీద ప్రయోగం మొదలుపెట్టాడు. మామూలుగా కారు పొడవు వెంట నిలిచే ఇంజిన్‌ను అడ్డంగా తిప్పి, గేర్‌బాక్స్‌ను దాని కొనకు వరుసలో చేర్చి, వెనక చక్రాలకు బదులు ముందు చక్రాలకే శక్తి అందించేలా చేయడం ఆ ప్రయోగం. ఆయన వెళ్లిపోయాక ఆ కారును జాక్ డేనియల్స్ పూర్తిచేసి నడిపి చూశాడు. అది అంతటితో ఆగింది. 1955లో బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లియొనార్డ్ లార్డ్ ఇసిగోనిస్‌ను వెనక్కి పిలిపించుకున్నాడు.

మరుసటి ఏడాది సూయెజ్ కాలువ సంక్షోభం వచ్చింది, బ్రిటన్‌లో పెట్రోలుకు రేషన్ పెట్టారు, దాంతో జర్మనీ నుంచి వచ్చిన బుడగల్లాంటి బుల్లి కార్లకు గిరాకీ పెరిగింది. వాటిని చూస్తే లార్డ్‌కు ఒళ్లు మండేది. వాటిని రోడ్డు మీదినుంచి తరిమేసే అసలు సిసలు చిన్న కారు కావాలని 1957 మార్చిలో ఇసిగోనిస్‌ను ఆదేశించాడు, అయితే కొత్త ఇంజిన్‌కు సమయం లేదు గనుక సంస్థ దగ్గరున్న ఎ-సిరీస్ ఇంజినే వాడాలని షరతు పెట్టాడు. ఆ షరతే మినీ రూపాన్ని నిర్ణయించింది. కారు మొత్తం 10 అడుగుల పొడవు దాటకూడదు, అందులో నలుగురు పెద్దవాళ్లు, వాళ్ల సామాను పట్టాలి, ఇంజిన్ మాత్రం నాలుగు సిలిండర్ల మామూలు ఇంజిన్. 12 అడుగుల 4 అంగుళాల మైనర్‌లో ఇదేమీ సమస్య కాదు. రెండడుగులు కోసేస్తే మాత్రం ఇంజినో మనుషులో ఎవరో ఒకరు జరగక తప్పదు. ఇసిగోనిస్ మనుషులను కదిలించలేదు.

ఇంజిన్‌ను అడ్డంగా తిప్పినా పక్కన గేర్‌బాక్స్‌కు చోటు చాలలేదు, ఎందుకంటే ఈ కారు వెడల్పు 4 అడుగుల 7 అంగుళాలే, అంటే మైనర్ కన్న అరడుగు తక్కువ. దాంతో గేర్‌బాక్స్‌ను ఇంజిన్ అడుగున, నూనె నిలిచే సంప్‌లోకి దించారు. అంతస్తు మీద అంతస్తు వేసిన ఇల్లులాంటి ఈ అమరికలో ఇంజిన్‌కూ గేర్లకూ ఒకటే నూనె, గేర్లు ఆ నూనెను నలగగొడతాయి గనుక దాన్ని తరచు మార్చక తప్పదు. రేడియేటర్ ముందు భాగం వదిలి ఎడమ చక్రం పక్కకు చేరింది. చక్రాలు 10 అంగుళాలకు కుదించారు, అంత చిన్న టైర్లను డన్‌లప్ సంస్థ ప్రత్యేకంగా తయారుచేయవలసి వచ్చింది. శక్తిని అందుకుంటూనే పక్కలకు తిరగవలసిన ముందు చక్రాలకు మామూలు కీలు పెడితే మలుపుల్లో స్టీరింగ్ చేతిలో కొట్టుకుంటుంది. ఆ బాధ తప్పించడానికి లోపల ఉక్కు గుండ్లు దొర్లుతూ, ఎంత వంగినా ఒకే వేగంతో తిప్పే 'కాన్‌స్టంట్ వెలాసిటీ' కీలును అమర్చారు.

సస్పెన్షన్ కథ ఇంకా ఆసక్తికరం. దాదాపు 600 కిలోల కారులో నలుగురు ఎక్కి సామాను పెట్టుకుంటే ఆ భారం కారు బరువులో సగానికి పైగా అవుతుంది, కాబట్టి ఒక్కరున్నప్పుడు మెత్తగానూ నలుగురున్నప్పుడు గట్టిగానూ ఉండే స్ప్రింగు కావాలి. మామూలు ఉక్కు స్ప్రింగుకు ఆ గుణం లేదు. ఇంజినీరు అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు శంకువులకు అది ఉంది. ఎంత నొక్కితే అంత బిగుసుకుంటాయి, పైగా అరచేతిలో పట్టేంత చోటు చాలు. ఇన్ని చోట్ల అంగుళం అంగుళం మిగిల్చిన ఫలితంగా కారు నేల విస్తీర్ణంలో దాదాపు 80 శాతం మనుషులకూ సామానుకూ దక్కింది. పక్కకు జరిగే అద్దాలు పెట్టడం వల్ల తలుపుల్లో అద్దం దించే యంత్రం అక్కర్లేకపోయింది, ఆ ఖాళీ పెద్ద జేబులైంది. డిక్కీ మూత కిందికి తెరుచుకునేది, దాన్ని అలాగే తెరిచి ఉంచి దాని మీద పెట్టెలు కట్టుకుపోవచ్చు. అప్పుడు నంబర్ ప్లేటు నేలచూపులు చూడకుండా దానికి పైన కీళ్లు బిగించారు, మూత పడుకున్నా ప్లేటు మాత్రం నిట్టనిలువుగా వేలాడేది. ఈ చిన్న కీలులో ఇసిగోనిస్ ఆలోచన తీరంతా కనిపిస్తుంది.

1959 ఆగస్టు 26న ఆస్టిన్ సెవెన్ అనీ, మోరిస్ మినీ-మైనర్ అనీ రెండు పేర్లతో ఈ కారు వచ్చింది. ధర పన్నులతో కలిపి 497 పౌండ్ల లోపు, ఇంజిన్ 848 సీసీ. 948 సీసీ ఇంజిన్‌తో తొలి నమూనా గంటకు 90 మైళ్లు అందుకోగా, సామాన్య కుటుంబానికి అంత వేగం తగదని ఇంజిన్‌ను తగ్గించారు. తొందరలో పుట్టిన కారు గనుక లోపాలూ వెంట వచ్చాయి. నేల రేకుల అతుకు ఒకదాని మీద ఒకటి తప్పు దిశలో పడడంతో వానలో నీళ్లు లోపలికి వచ్చి కార్పెట్లు నానేవి. ఇంజిన్‌కు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ గ్రిల్‌కు ఎదురుగా ఉండడంతో జోరువానలో తడిసి కారు ఆగిపోయేది. పోటీదారైన ఫోర్డ్ సంస్థ ఒక మినీని మరమరగా విప్పి లెక్క కట్టి, ఆ ధరకు అమ్మితే ఒక్కో కారు మీద సుమారు 30 పౌండ్లు నష్టమేనని తేల్చింది. ఇంత తెలివైన కారును లాభం లేని ధరకు అమ్మడం ఇంజినీరింగ్ తప్పు కాదు గాని, సంస్థ తరువాతి కష్టాలకు అది కూడా ఒక కారణమని చెప్పక తప్పదు.

మొదట్లో అనుమానంగా చూసిన జనాన్ని మార్చినవి రెండు: ఫ్యాషన్, పందెం. నటులూ గాయకులూ మినీలో తిరగడం మొదలుపెట్టారు. తాను ప్రచారంలోకి తెచ్చిన పొట్టి స్కర్టుకు 'మినీ' అన్న పేరు ఈ కారును బట్టే పెట్టానని ఫ్యాషన్ రూపకర్త మేరీ క్వాంట్ చెప్పుకుంది. రేసింగ్ కార్ల నిర్మాత జాన్ కూపర్ చేయి పడి 1961లో మినీ కూపర్ వచ్చింది. మంచుకొండల మీద నడిచే మాంటెకార్లో ర్యాలీలో 1964, 1965, 1967 సంవత్సరాల్లో పెద్ద పెద్ద కార్లను వెనక్కి నెట్టి అది గెలిచింది. 1966లోనూ మొదటి మూడు స్థానాలు మినీలవే అయినా, హెడ్‌లైట్లు నిబంధనలకు విరుద్ధమన్న సాకుతో ఆ గెలుపును రద్దు చేశారు.

ఇక నడిపేవాడి వైపునుంచి చూస్తే తేడా తలుపు తీసినప్పుడే మొదలవుతుంది. మైనర్‌లో కుర్చీలో కూర్చున్నట్టు నిటారుగా కూర్చోవచ్చు, స్టీరింగ్ తేలిక, పరుగు నిదానం. మినీలో స్టీరింగ్ చక్రం బస్సులో మాదిరి దాదాపు బల్లపరుపుగా ఉంటుంది, కూర్చుంటే నేలకు ఆనుకున్నట్టుంటుంది, చక్రాలు నాలుగు మూలలా ఉండడంవల్ల మలుపుల్లో కారు పక్కకు ఒరగదు, అయితే గుంతల రోడ్డు మీద ప్రతి రాయి వెన్నుకు తెలుస్తుంది. మెకానిక్‌ల ఓటు మాత్రం ఎప్పుడూ మైనర్‌కే. వెడల్పాటి ఇంజిన్ కోసం ముందే వదిలిన చోటులో సన్నటి ఇంజిన్ కూర్చోవడం వల్ల మైనర్ బానెట్ కింద రెండు చేతులూ పెట్టి పనిచేయవచ్చు. మినీలో క్లచ్ పనికి పూనుకున్నవాడి వేళ్ల తోలు లేవక మానదు. మైనర్‌లోనూ కనిపెట్టుకుని ఉండవలసిన చోటు ఒకటుంది: ముందు చక్రాన్ని పట్టి ఉంచే మరల కీలుకు వేళకు గ్రీజు పట్టించకపోతే, అరిగిన మరలు జారి, చక్రం ఒక్కసారిగా పక్కకు వాలిపోతుంది. మినీకి ఆ గతి వెనక చక్రాలను మోసే చట్రం తుప్పు పట్టడం వల్ల పడుతుంది. పాత కారు కొనేవారు రంగు మెరుపు చూసి మోసపోకుండా ముందుగా ఈ రెండు చోట్లా చూడాలని తెలిసినవాళ్లు చెబుతారు.

మైనర్ సుమారు 16 లక్షలు తయారై 1970ల ఆరంభంలో ఆగిపోయింది. మినీ 2000 అక్టోబరు దాకా నడిచి 53,87,862 దగ్గర ఆగింది. లెక్కల్లో మినీదే పైచేయి, 1999లో శతాబ్దపు కారు ఎంపికలో ఫోర్డ్ మోడల్ టి తరువాతి స్థానం దక్కిందీ దానికే. అయినా ఇంట్లో ఉంచుకుని, సొంత చేత్తో బాగుచేసుకుంటూ, పిల్లల కాలం దాకా నడుపుకోవడానికి ఏది మంచిదంటే మైనరే. 1990లలో శ్రీలంకలో దాని విడిభాగాలు తయారుచేసి బ్రిటన్‌కు పంపే పరిశ్రమ కూడా నడిచిందంటే ఆ కారును బతికించుకోవడం ఎంత సులువో ఊహించవచ్చు. ఆలోచన గొప్పతనంలో మినీకి సాటి లేదన్నది నిజమే గాని, ఆ మాటకు ఒక చిన్న సవరణ అవసరం. మినీ లోకానికిచ్చిన అడ్డ ఇంజిన్, ముందు చక్రాల నడక నిలిచాయి. సంప్‌లో గేర్‌బాక్స్ పెట్టిన అసలు చమత్కారాన్ని మాత్రం తరువాతివాళ్లు పెద్దగా అనుసరించలేదు. ఇటలీలో ఫియట్ ఇంజినీరు దాంతె జకోసా 1964 నాటి ఆటోబియాంకి ప్రిములా కారులో గేర్‌బాక్స్‌ను ఇంజిన్ కొనకు వరుసలో చేర్చాడు, నేటి చిన్న కార్లలో అత్యధికం ఆ బాటలోవే. మన వీధుల్లో ఇప్పటికీ అక్కడక్కడా కనిపించే మారుతి 800 బానెట్ ఎత్తి చూస్తే ఆ వరుస కళ్లారా కనిపిస్తుంది. 1952లో కౌలీలో తలపెట్టి, ఒక్క కారుతోనే ఆపేసి, ఎన్నడూ అమ్మకానికి పెట్టని ఆ ప్రయోగపు మైనర్‌లో ఉన్న వరుస కూడా అదే.